తెల్లమచ్చ

బ్లాక్‌పూల్‌లో, ట్రామ్ పట్టాలకు రెండు వీధుల వెనక,
ఈ-సిగరెట్ల కొట్టు మీద మా క్లినిక్.
బుధవారం బడి వదిలాక వచ్చాడు ఆల్ఫీ, ఆరేళ్ళవాడు,
ఎడమ బుగ్గ మీద చెయ్యి తియ్యకుండా.
వెనకే వాళ్ళ నాయనమ్మ మోరీన్.
మెట్లెక్కిన ఆయాసాన్నీ
పద్నాలుగు నెలల వెయిటింగ్ లిస్టునీ కలిపి
కుర్చీలో కూలేసింది.

చల్లటిది తగిలితే జివ్వుమంటోందట.
కింది వరస, పాలదవడ పన్ను.
పైన చూస్తే చీమ దూరేంత నల్ల చుక్క.
ఎక్స్‌రేలో మాత్రం లోపల గదే ఉంది.

"పురుగుందా?"
లేదురా.
మా ఊళ్ళోనూ ఉందనే అనుకునేవాళ్ళు.
సంతలో ఒకాయన వాకుడు గింజల పొగ పట్టించి
మా అత్త చెంపలోంచి తెల్ల పురుగు తీసి ఆకు మీద చూపించాడు.
"సచ్చిందా బిడ్డా?" అని నన్నడిగింది అత్త.
చచ్చింది. అది ముందునుంచీ
ఆయన అరచేతిలో చచ్చే ఉంది.

నిజంగా ఉన్నవాళ్ళకి కాళ్ళు లేవు, పళ్ళూ లేవు.
పంటి మీది పాచిలో కాపురం.
నువ్వు చప్పరించే ప్రతిదాంట్లో వాళ్ళకో వాటా.
తిని వాళ్ళు వదిలేది పులుపు.
ఆ పులుపు అరగంట సేపు
పంట్లోంచి సున్నం పిసరు పిసరుగా లాక్కుపోతుంది.
తర్వాత ఉమ్మి వస్తుంది, ఓపికైన తాపీమేస్త్రి,
పోయినదంతా మళ్ళీ మెత్తడానికి.
ఈలోగా నువ్వింకోటి నోట్లో వేసుకుంటే
ఆ మేస్త్రి ఏం చేస్తాడు?

అలా ఒక రోజు కనిపిస్తుంది తెల్లమచ్చ,
సుద్దముక్క రాసినట్టు, మెరుపు లేని తెలుపు.
అప్పటికింకా వెనక్కి రావచ్చు.
నొప్పి ఉండదు. అందుకే ఎవరూ రారు.
పింగాణీ దాటాక లోపలంతా మెత్తన,
అక్కడ పుచ్చు లోతుకి ఎంత పోతుందో
పక్కలకీ అంతే పోతుంది.
చెదపట్టిన తలుపు రంగు చెదరకుండా నిలబడ్డట్టు
పన్ను నిలబడే ఉంటుంది,
ఏదో రాత్రి రెండు గంటలకి
నరం కేక పెట్టేదాకా.

వీడికింకా ఆ రాత్రి రాలేదు.
నరానికీ పుచ్చుకీ మధ్య సన్నటి గోడ మిగిలింది.

సముద్రం ఒడ్డున రాక్ మిఠాయి బండి మోరీన్‌ది.
ఆ కడ్డీ ఎక్కడ విరిచినా
ఊరి పేరు ఎర్రగా లోపల్లోపలికి ఉంటుంది.
సాయంత్రం మిగిలిన విరుగుళ్ళు వీడికి.
నేనడగలేదు, తనే చెప్పింది.
చెప్పి, కిటికీవైపు చూసింది.

డ్రిల్ తియ్యలేదు.
పన్ను కొలతకి స్టీలు టోపీ, లోపల సిమెంటు.
కొరుకు. ఇంకా గట్టిగా.
లోపలున్నవాళ్ళకి ఇవాళ్టినుంచి కూడు బంద్.
పదకొండో ఏట పన్ను దానంతటదే ఊడేదాకా
ఆ వెండిగుడి వీడిదే.

పక్క పంటికి తెల్లమచ్చ.
దానికి ఫ్లోరైడ్ వార్నిష్, కుంచెతో, ఒక్క పూత.
ఎలా ఉమ్మాలో చూపిద్దామని మాస్కు దించాను.
వాడు నా నోట్లోకే చూస్తున్నాడు.
"నువ్వు పళ్ళు తోముకోవా?"
"ఆల్ఫీ!" అంది మోరీన్.

తోముకుంటానురా.
మాది నల్లగొండ జిల్లా. మా బోరు నీళ్ళలో
ఈ కుంచె మీదున్నదే ఉండేది,
బిందెలకు బిందెలు, ఎవరూ అడక్కుండానే.
నాకూ మొదట తెల్లమచ్చే వచ్చింది,
ఆ తర్వాత తుప్పురంగు గీతలు.
మా పెదనాన్న నడుము వంగి వంగి
మనుషుల్ని చెప్పులబట్టి గుర్తుపట్టేవాడు.
ఇదంతా ఆరేళ్ళవాడికి చెప్పలేదు.
"మా ఊరి నీళ్ళు" అన్నానంతే.
"ఒక్క పుచ్చూ లేదు, లెక్కపెట్టుకో."
నిజంగానే లెక్కపెట్టాడు. పద్దెనిమిది దగ్గర తప్పాడు.

బఠాణీ గింజంత పేస్టు.
పడుకునేముందు తప్పకుండా.
నురగ ఉమ్మెయ్, పుక్కిలించకు.
ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు.
మోరీన్ రసీదు వెనక రాసుకుంది,
"ఏదీ" కింద రెండు గీతలు గీసింది.

కింద ఈ-సిగరెట్ల కొట్టువాళ్ళకి
నోరంతా తెరిచి వెండిపన్ను చూపిస్తున్నాడు వాడు.

కౌంటరు మీద ఒక రాక్ కడ్డీ పెట్టి వెళ్ళిందామె,
థాంక్స్‌కి బదులు.
ట్రామ్‌లో సగం తిన్నాను,
చప్పరించకుండా, కొరికి కొరికి, ఒక్క దఫాలో.
ఇంటికెళ్ళి చాలాసేపు కుళాయి ముందు నిలబడ్డాను
నీళ్ళు ముట్టకుండా.